ల్యాబ్ వదిలి మెడికల్ రైటింగ్‌కి వస్తే చదివిందంతా పోయినట్టేనా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు రీసెర్చ్ అసోసియేట్‌గా డయాబెటిస్ పేషెంట్ల శాంపిల్స్ మీద పని చేస్తున్నాను. ప్రాజెక్టు వచ్చే మార్చితో అయిపోతుంది. వయసు 34, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. మెడికల్ రైటింగ్‌కి, అంటే మందుల కంపెనీలకి ట్రయల్ రిపోర్టులు, పేపర్లు రాసే పనికి, వెళ్దామనుకుంటే మా సర్ "అది సైన్స్ కాదు, క్లర్కు పని" అన్నారు. నాన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగమంటున్నారు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్ష పైన ఫీజు కడితే ఆరు నెలల కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నా ఇంగ్లీష్ అంతంత మాత్రం. ఏఐ వచ్చాక అసలు ఈ ఉద్యోగాలు ఉంటాయా అని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కోర్సుకి డబ్బు కట్టకు. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది మాత్రం చేతులు కాలకముందే చెప్పాలి. ఉద్యోగం గ్యారంటీ అంటున్న వాళ్లని ఆ మాట కాగితం మీద రాసివ్వమను, ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో కూడా రాయమను. వాళ్లిచ్చే జవాబుతోనే నీకు విషయం అర్థమైపోతుంది. నేనూ పీహెచ్‌డీ తర్వాతే ఈ రంగంలోకి వచ్చాను, ఆ తర్వాత కొత్తవాళ్లని తీసుకునే ఇంటర్వ్యూల్లో చాలాసార్లు కూర్చున్నాను, ఫలానా సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఈ అమ్మాయిని తీసుకుందాం అన్న మాట అక్కడ ఎవరి నోటా వినలేదు. చర్చంతా రాత పరీక్ష మీదే. ఒక స్టడీ వివరం, రెండు మూడు టేబుళ్లు ఇచ్చి గంటా రెండు గంటల్లో ఒక పేజీ రాయమంటారు, లేదంటే కావాలని తప్పులు పెట్టిన పేజీ చేతికిచ్చి ఆ తప్పులు పట్టుకోమంటారు. దానికి కావాల్సింది చాలావరకు నీ దగ్గర ఉంది. లేనిది ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, ఎలాగో కింద చెప్తాను.

ఇక మీ సర్ అన్న మాట. ఆయన మీద కోపం పెట్టుకోకు, చాలామంది ప్రొఫెసర్లకి ఈ పని దగ్గరగా చూసే అవకాశం ఉండదు. ఒక కొత్త మందు మీద ట్రయల్ ముగిసింది అనుకో. డేటాబేస్ లాక్ అవుతుంది, అంటే ఇక డేటా మార్చడానికి వీలుండదు, స్టాటిస్టిక్స్ వాళ్లు కట్టలకొద్దీ టేబుళ్లు, గ్రాఫులు, లిస్టింగులు ఇస్తారు. అవన్నీ చదివి క్లినికల్ స్టడీ రిపోర్ట్ రాయాలి, మేం సీఎస్ఆర్ అంటాం. అది ఎలా ఉండాలో మందుల నియంత్రణ సంస్థలు, కంపెనీలు కలిసి నియమాలు రాసుకునే ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ 1995లో ఇచ్చిన ఈ3 గైడ్‌లైన్ చెప్తుంది: తొమ్మిదో సెక్షన్‌లో స్టడీ ప్లాను, పదిలో ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, పదకొండులో మందు పనిచేసిందా లేదా, పన్నెండులో భద్రత, పదమూడులో చర్చ. వినడానికి ఫారం నింపినట్టే ఉంటుంది. మీ సర్‌కి అలాగే అనిపించి ఉండొచ్చు.

ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. ట్రయల్‌లో 243 మందిని రాండమైజ్ చేశారు, అంటే లాటరీ పద్ధతిలో గ్రూపులుగా విడగొట్టారు, ముగ్గురు ఒక్క డోసు కూడా వేసుకోకుండానే వెళ్లిపోయారు. మందు తీసుకున్నవాళ్లలో 18 మందికి తలనొప్పి వచ్చింది. ఎంత శాతం? 243తో భాగిస్తే 7.4, 240తో భాగిస్తే 7.5. భద్రత సెక్షన్‌లో రాయాల్సింది 7.5, ఎందుకంటే సేఫ్టీ పాపులేషన్ అంటే మామూలుగా కనీసం ఒక డోసైనా తీసుకున్నవాళ్లు. 0.1 తేడాకే ఇంత గొడవా అనిపిస్తుందేమో గానీ, సినాప్సిస్‌లో, అంటే రిపోర్టు మొదట్లో ఉండే సారాంశంలో, ఒక అంకె, పన్నెండో సెక్షన్‌లో ఇంకో అంకె ఉంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో కూర్చుని చదివే రివ్యూయర్‌కి ఆ రిపోర్టులో మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. అది పోనీ. ఆ 18 మందిలో 14 మంది ఎక్కువ డోసు గ్రూపులోనే ఉన్నారు, వాళ్లలో సగం మందికి బీపీ కూడా పెరిగింది, తలనొప్పి ఒక టేబుల్లో ఉంది, బీపీ ఎక్కడో నలభై పేజీల అవతల ఇంకో టేబుల్లో ఉంది అనుకో. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, "ఇది గమనించారా?" అని డాక్టర్‌నీ స్టాటిస్టీషియన్‌నీ అడగాలి, వాళ్లు కాదంటే ఎందుకు కాదో అర్థమయ్యేదాకా వదలకూడదు. ఆ పని చాలాసార్లు మొదట చేసేది మెడికల్ రైటరే, ఎందుకంటే రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క మనిషి చదవడమంటే అది మనమే. దీన్ని సైన్స్ కాదనడం నాకు చేతకాదు.

ఇంకోటి కూడా ఉంది, నాకు ఈ పని మీద నిజంగా ప్రేమ కలిగింది దానివల్లే. పేపర్ రాసేటప్పుడు మనం కథ ఎంచుకుంటాం, బాగా వచ్చిన ఫిగర్ ముందు పెడతాం, పని చేయని ప్రయోగం నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. సీఎస్ఆర్‌లో ఆ వీలు లేదు. ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ ప్లానులో, ఏం కొలుస్తామని ముందే రాశామో అదంతా, మంచి ఫలితమైనా చెడ్డ ఫలితమైనా, చెప్పి తీరాలి. మందు పనిచేయలేదంటే పనిచేయలేదనే రాయాలి. ఎన్నో ఏళ్లు ల్యాబ్‌లో ఉండి వచ్చిన నాకు ఆ నియమం చాలా శుభ్రంగా అనిపించింది.

నష్టం లేదని మాత్రం చెప్పను. నీ ప్రశ్న నువ్వే వేసుకుని దాని వెంట ఏళ్ల తరబడి వెళ్లే స్వేచ్ఛ పోతుంది, అది చిన్న నష్టం కాదు. ఎవరో వేసిన ప్రశ్నకి, ఎవరో చేసిన ట్రయల్‌కి నువ్వు రాస్తావు. నువ్వు రాసిన వాక్యాన్ని ఆరుగురు ఆరు రకాలుగా మారుస్తారు, అందులో ఇద్దరి కామెంట్లు ఒకదానికొకటి పడవు, వాళ్లని కూర్చోబెట్టి ఒక మాట మీదికి తేవడం కూడా నీ పనే. ప్రయోగం చేయకుండా ఉండలేనంత ఇష్టం నీకు బెంచి మీద ఉంటే, ఈ ఉద్యోగంలో రెండేళ్లకే ఊపిరాడదు. అలాంటప్పుడు బయోటెక్ కంపెనీల ఆర్ అండ్ డీ వైపు చూడు, జీనోమ్ వ్యాలీ నీకు పక్కనే ఉంది. కానీ ఆలోచించుకో, నీకు ల్యాబ్‌లో నచ్చింది పైపెట్ పట్టుకోవడమా, లేక డేటా వచ్చాక దాని ముందు కూర్చుని ఇందులో ఏముందో తేల్చుకోవడమా? రెండోది అయితే నువ్వు రావాల్సిన చోటికే వస్తున్నావు.

ఈ రంగంలో పెద్ద శాఖలు రెండు. రెగ్యులేటరీ అంటే పైన చెప్పినది: ప్రోటోకాల్, ఇన్వెస్టిగేటర్స్ బ్రోషర్ (ట్రయల్ చేసే డాక్టర్లకి మందు గురించి ఇచ్చే సమాచారం), సీఎస్ఆర్, మందు అనుమతి కోసం పెట్టే దరఖాస్తులోని క్లినికల్ ఓవర్‌వ్యూ లాంటివి. రెండోది పబ్లికేషన్స్, మెడికల్ కమ్యూనికేషన్స్: జర్నల్ పేపర్లు, కాన్ఫరెన్సు పోస్టర్లు, డాక్టర్ల కోసం స్లైడ్లు. పరికరాల వైపు కూడా పని ఉంది, యూరప్ కొత్త మెడికల్ డివైస్ నిబంధన 2021 మేలో అమల్లోకి వచ్చాక క్లినికల్ ఎవాల్యుయేషన్ రిపోర్టులు (పరికరం సురక్షితమా, పనిచేస్తుందా అని ఆధారాలతో తేల్చేవి) రాసేవాళ్ల అవసరం పెరిగింది. మందుల దుష్ప్రభావాలు గమనించే ఫార్మకోవిజిలెన్స్‌లో, ఒక్కో ఫిర్యాదుని నమోదు చేసే కేస్ ప్రాసెసింగ్‌లో చేరి అక్కడినుంచి మారొచ్చని కొందరు చెప్తారు. నువ్వు ఆ దారి పట్టొద్దనే నా సలహా, పీహెచ్‌డీ ఉన్నవాళ్లు అందులో చిక్కుకుని ఏళ్లు గడిపేయడం చూశాను. నీ రాతను బట్టి చూస్తే, చిన్న ఉత్తరంలోనే వయసు, గడువు, ఫీజు అన్నీ సరిగ్గా ఇచ్చావు, నీకు రెగ్యులేటరీ సరిపోతుందనిపిస్తోంది. కథలా చెప్పడం ఇష్టమైతే పబ్లికేషన్స్.

పబ్లికేషన్స్ వైపు వెళ్తే ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకో. వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ నియమాల ప్రకారం రచయితగా పేరు ఉండాలంటే నాలుగు షరతులూ తీరాలి, పేపర్ రాసిపెట్టినంత మాత్రాన మనం రచయితలం కాము. కానీ మన పేరు, మనకి డబ్బు ఎవరిచ్చారు అన్నది పేపర్ చివర అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో ఉండాలి, ఇది పబ్లికేషన్ రంగం తనకు తాను పెట్టుకున్న నియమం, 2022లో వచ్చిన జీపీపీ (కంపెనీల డబ్బుతో చేసిన పరిశోధనని ప్రచురించే మంచి పద్ధతులు) మార్గదర్శకాలు కూడా అదే చెప్తాయి. పేరు దాచమని ఎవరైనా అంటే అది ఘోస్ట్ రైటింగ్, ఒప్పుకోవద్దు. ఇక మన దగ్గర మెడికల్ రైటింగ్ పేరు చెప్పి ఎండీ, ఎంఎస్ విద్యార్థుల థీసిస్‌లు రాసిపెట్టే వ్యాపారం ఒకటి నడుస్తోంది. ఇంట్లోంచి చేసుకోవచ్చు, పేజీకి ఇంత, అని ప్రకటనలు వస్తాయి. చిన్నపిల్లాడు ఇంట్లో ఉన్న తల్లులకి అది ఆశ పెడుతుంది. దయచేసి దాని దగ్గరకి పోవద్దు. రేపు ఆపరేషన్ చేయబోయే డాక్టర్ తన చదువు తను చదవకుండా ఉండటానికి మనం సాయం చేసినట్టవుతుంది, పైగా ఆ అనుభవం ఏ మంచి కంపెనీలోనూ చెప్పుకోలేవు.

ఇంగ్లీష్ గురించి భయపడుతున్నావు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఈ రంగంలో చాలా బాగా రాస్తున్నవాళ్లు నాకు తెలుసు, ఇది నిన్ను ఓదార్చడానికి అంటున్నది కాదు. రెగ్యులేటరీ ఇంగ్లీష్‌కి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, నిజానికి అవి అడ్డం. చిన్న వాక్యం, ఒక వాక్యంలో ఒక విషయం, జరిగినదానికి భూతకాలం, ఒకే వస్తువుకి రిపోర్టంతా ఒకే పేరు. మనవాళ్లు తప్పేది ఎక్కువగా 'ఏ', 'ద' దగ్గర, ఏకవచన బహువచనాల దగ్గర, ప్రిపొజిషన్ల దగ్గర. రోజూ ఒక పేజీ రాసి, మర్నాడు ఈ మూడింటి కోసమే విడిగా వెతుకుతూ చదువు, కొన్ని నెలల్లో తేడా నీకే కనపడుతుంది. నేను ఎక్కువ దిగులు పడేది మాట్లాడే ఇంగ్లీష్ గురించి. అమెరికా, యూరప్ టీములతో సాయంత్రం కాల్స్ ఉంటాయి, అక్కడ ఒక సీనియర్ డాక్టర్‌తో "మీరు చెప్పిన వాక్యానికి టేబుల్లో ఆధారం లేదు" అని మర్యాదగా, తడబడకుండా చెప్పగలగాలి. దానికి వ్యాకరణం కన్నా ధైర్యం ఎక్కువ కావాలి. మీ ల్యాబ్ మీటింగుల్లో ఇప్పటినుంచే ప్రతిసారీ ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకో. ఆ సాయంత్రం కాల్స్ వేళకి బాబుని ఎవరు చూసుకుంటారో ఇంట్లో ముందే మాట్లాడుకో, ఉద్యోగం వచ్చాక మాట్లాడుకుంటే గొడవ అవుతుంది.

మార్చిలోపు ఏం చేయాలంటే, ముందు ఐసీహెచ్ వెబ్‌సైట్‌లో ఈ3, ట్రయల్ నడిపే పద్ధతి చెప్పే ఈ6 రెండూ దించుకో, ఉచితం. ఈ6 కొత్త రూపం, ఆర్3, 2025 జనవరిలో ఖాయమైంది, దాన్నే చదువు, పాతది చదివి ఇంటర్వ్యూకి వెళ్లకు. గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ వెబ్‌సైట్‌లో జీసీపీ (ట్రయల్స్ నడిపే మంచి పద్ధతులు) కోర్సు డబ్బు లేకుండా చేయొచ్చు, రెజ్యూమెలో ఆ ఒక్క సర్టిఫికెట్ చాలు. తర్వాత అసలైన పని: యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2016 నుంచి, మధ్యలో కొన్నేళ్లు చాలావరకు ఆపినా, కంపెనీలు సమర్పించిన క్లినికల్ రిపోర్టుల్ని అందరికీ చూపిస్తోంది, అకౌంట్ తెరిస్తే చాలు, కోవిడ్ టీకాల రిపోర్టులు కూడా అందులో ఉన్నాయి. నీకు తెలిసిన జబ్బు కాబట్టి డయాబెటిస్ మందుది ఏదైనా దొరుకుతుందేమో వెతుకు. ఒక సీఎస్ఆర్ తీసుకుని పన్నెండో సెక్షన్ చదవకుండా పక్కన పెట్టు, దాని టేబుళ్లు మాత్రమే చూసి భద్రత గురించి నువ్వే రెండు పేజీలు రాయి, ఆ తర్వాత వాళ్లు రాసింది తెరిచి పక్కన పెట్టుకుని చూడు. ఎక్కడ నువ్వు ఎక్కువ చెప్పావో, ఎక్కడ టేబుల్ చెప్పని కారణం ఊహించి రాశావో అప్పుడు కనపడుతుంది. పీహెచ్‌డీ నుంచి వచ్చినవాళ్లందరం మొదట్లో చేసేది ఇదే, ప్రతి అంకెకీ ఒక మెకానిజం కట్టేస్తాం. ఇలా మూడు నాలుగు రాస్తే ఆ లక్ష రూపాయల కోర్సులో నేర్పేదానికన్నా ఎక్కువే వస్తుంది. ఓపిక ఉంటే డ్రగ్స్ ఎట్ ఎఫ్‌డీఏ అనే వెబ్‌సైట్‌లో అనుమతి పొందిన మందుల మెడికల్ రివ్యూలు ఉంటాయి, అవి కూడా చదువు. మనం రాసింది అవతలివాళ్లు ఎలా చదువుతారో, ఎక్కడ ఆగి ప్రశ్న వేస్తారో అందులో తెలుస్తుంది.

రెజ్యూమె రెండు పేజీలు దాటనివ్వకు. వెస్టర్న్ బ్లాట్, పీసీఆర్, ఫ్లో సైటోమెట్రీ జాబితా ఒక లైనుకి కుదించు. దాని బదులు నువ్వు ఇన్నాళ్లూ రాసిన కాగితాలు పెట్టు: ఎథిక్స్ కమిటీకి పెట్టిన దరఖాస్తు, జంతువుల మీద పని ఉంటే ఫారం బి అనే అనుమతి దరఖాస్తు, పరిశోధనకి నిధులిచ్చే ఐసీఎంఆర్‌కో డీబీటీకో రాసిన ప్రాజెక్టు ప్రపోజల్, జర్నల్ రివ్యూయర్లకి పాయింటు పాయింటుగా ఇచ్చిన జవాబులు. ఆ చివరిది చాలామంది రాయనే రాయరు, కామెంట్లు తేల్చడం మా రోజువారీ పని కాబట్టి మాకు కావాల్సింది అదే. పేషెంట్ల శాంపిల్స్ అన్నావు కాబట్టి తెలుగు కన్సెంట్ ఫారం నువ్వే తయారు చేసి ఉంటావు. రక్తం ఎంత తీస్తారు, ఎందుకు తీస్తారు, వద్దంటే వైద్యం ఆగదు అని చదువు రాని ఒక పెద్దాయనకి అర్థమయ్యేలా రాసిన అనుభవం అది. దాన్ని పైనే పెట్టు.

ఉద్యోగాలు వెతికేటప్పుడు మెడికల్ రైటర్ అని మాత్రమే కొట్టకు, రెగ్యులేటరీ రైటర్, సైంటిఫిక్ రైటర్, పబ్లికేషన్ అసోసియేట్ అని కూడా వెతుకు. హైదరాబాద్‌లో నోవార్టిస్‌లో ఈ పని ఏళ్లుగా జరుగుతోంది, పరెక్సెల్ లాంటి సీఆర్ఓలు (మందుల కంపెనీల తరఫున ట్రయల్స్ పని చేసిపెట్టే సంస్థలు) ఉన్నాయి, 2025లో ఆమ్‌జెన్, లిల్లీ కూడా ఇక్కడ కేంద్రాలు తెరిచాయి, వాటి కెరీర్ పేజీలు గమనిస్తూ ఉండు. మొదటి ఉద్యోగానికి నా ఓటు సీఆర్ఓకే, అక్కడ తక్కువ కాలంలో ఎక్కువ రకాల డాక్యుమెంట్లు చేతిలో పడతాయి.

జీతం సంగతి సూటిగా చెప్తాను. 2023లో సవరించిన లెక్క ప్రకారం రీసెర్చ్ అసోసియేట్ మొదటి మెట్టులో నెలకి 58,000, హెచ్ఆర్ఏ వేరే. కంపెనీ చెప్పే సీటీసీని పన్నెండుతో భాగించి దీనితో పోల్చకు, అందులో వాళ్లు కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే అన్నీ కలిపి ఉంటాయి. చేతికెంత వస్తుందో హెచ్ఆర్‌ని అడుగు, సిగ్గుపడాల్సిన పని లేదు. మొదటి ఏడాది పెద్ద తేడా కనపడకపోవచ్చు. ఎం.ఫార్మసీ, ఫార్మ్‌డీ చేసి నీకన్నా ఏడెనిమిదేళ్లు చిన్నవాళ్లతో ఒకే గ్రేడులో చేర్చుకోవచ్చు, నీ డ్రాఫ్టుని అలాంటి అమ్మాయే రివ్యూ చేసి ఎర్రగా దిద్ది పంపొచ్చు. మనసు చివుక్కుమంటుంది. ఆ అమ్మాయికి ఆ పని నీకన్నా తెలుసు కాబట్టి నేర్చుకో. రాయడం పట్టుబడ్డాక పీహెచ్‌డీ వల్ల వచ్చే పట్టు నిన్ను ముందుకి తీసుకెళ్తుంది, కానీ మొదటి రోజు నుంచే దానికి విలువ కట్టమని అడిగితే ఎవరూ కట్టరు.

ఏఐ గురించి నీ భయం ఉత్తది కాదు. ఇదివరకు కొత్తవాళ్లకి మొదట ఇచ్చే పని పేషెంట్ నెరేటివ్‌లు: ఫలానా పేషెంట్, మందు మొదలుపెట్టిన ఇన్నో రోజున గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరారు, ఇలా ఒక్కొక్కరి గురించి ఒక పేజీ. అవీ, సీఎస్ఆర్ మొదటి డ్రాఫ్టూ ఇప్పుడు టూల్స్‌తో తయారు చేయించడం మొదలైంది. కాబట్టి టైపు చేసి పెట్టే మనిషికి ఇక్కడ చోటు తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. కానీ టూల్ రాసిన పేజీ చక్కగా, తడబాటు లేకుండా చదువుకునేలా ఉంటుంది, 243కీ 240కీ మధ్య జారిన తప్పు అలాంటి పేజీలోనే దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే డేటాని అనుమానించడం తెలిసి ఉండాలి, నువ్వు ల్యాబ్‌లో ఇన్నేళ్లు నేర్చుకున్నది అదే కదా. ఆ టూల్స్ వాడటం నేర్చుకో, ఇంటర్వ్యూలో అడుగుతారు. కంపెనీ డేటాని మాత్రం బయటి చాట్‌బాట్‌లో ఎప్పుడూ పెట్టకు, ఉద్యోగం పోతుంది, పేషెంట్ల వివరాలు బయటపడతాయి.

నాన్నగారికి ఏం చెప్పాలి? ఆయన కోరుకుంటున్నది నీ భద్రత, దాంతో వాదించకు. యూనివర్సిటీ పోస్టుల నోటిఫికేషన్లు, వాటి మీద కోర్టు కేసులు, వాయిదాలు, ఇవన్నీ ఏళ్ల తరబడి సాగడం రెండు రాష్ట్రాల్లోనూ మనం చూస్తూనే ఉన్నాం, మార్చి తర్వాత జీతం లేకుండా దానికోసం కూర్చోవడం కుదరదని చెప్పు. నోటిఫికేషన్ వస్తే ఉద్యోగం చేస్తూ కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, అది నిజమే. అయితే నాలుగైదేళ్లు పేపర్లు లేకుండా గడిస్తే వెనక్కి వెళ్లడం కష్టమవుతుంది, అది కూడా నిజమే, ఆయన దగ్గర దాచొద్దు.

మీ సర్‌కి ఆఫర్ చేతికి వచ్చాకే చెప్పు, కానీ వెళ్లే పద్ధతి మాత్రం ఇప్పటినుంచే సిద్ధం చేసుకో. మిగిలిపోయిన పేపర్లన్నీ పూర్తి చేసి వెళ్తానని మాటివ్వకు, అవి ఎప్పటికీ పూర్తవవు, వాటికోసమే ఇంకో ఏడాది ఉండిపోయినవాళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. ఒక్క పేపర్ ఎంచుకుని దానికి ఫిబ్రవరి నెలాఖరు అని తేదీ పెట్టుకో. మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో ఏ పెట్టెలో ఏ పేషెంట్ శాంపిల్ ఉందో, ఏ నోట్‌బుక్‌లో ఏ ప్రయోగం ఉందో షీట్ తయారు చేసి, నీ తర్వాత వచ్చే జేఆర్ఎఫ్‌ని (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పక్కన నిలబెట్టుకుని ఒకసారి పెట్టెలన్నీ తెరిచి చూపించు, సంతకం తీసుకో. కంపెనీవాళ్లు రిఫరెన్సు కోసం సర్‌కి ఫోన్ చేస్తారు, ఆ షీట్ ఆయన బల్ల మీద ఉంటే ఆయన చెప్పే మాట వేరేగా ఉంటుంది.